కొర్రకొత్త లెక్కలో నిర్మల

మస్కట్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే నిర్మల సెలవు పెట్టి ముంచింగిపుట్టు దగ్గర తన ఊరికి వచ్చింది పెళ్లికీ కాదు, పండక్కీ కాదు. తనవల్ల ఆగిపోయిన పింఛనును మళ్లీ ఇప్పించడానికి.

పింఛను కనకది. వరసకు పెద్దమ్మ, పిలుపుకు అమ్మ. నిర్మల కన్నతల్లి పురిట్లోనే పోతే ఆ పసిగుడ్డును కనక ఎత్తుకొచ్చి, తన కొడుకు ధర్మకు పట్టే చోడి జావలోనే దీనికీ ఇంత పట్టి పెంచింది. మొగుడు పోయాక కాఫీ తోటలో ఒంటిచేత్తో కష్టపడి నర్సింగు దాకా చదివించింది. అంత చేసిన మనిషి, నిర్మల డబ్బు పంపుతానంటే మాత్రం ఒప్పుకోదు. "నీ కట్టం నీకాడే ఉంచుకో" అంటుంది. వితంతు పింఛను ఒక్కటే ఆమె సొంతం. సంతలో ఎండుచేపలు కొన్నా, పక్కింటి పిల్లకు గాజులు కొన్నా ఎవరి మొహమూ చూడక్కర్లేదు. పింఛను అందిన రోజున కనక నడకే వేరుగా ఉండేది.

ఆ నడకకు అడ్డం పడింది నిర్మలే. ఇక్కడి బ్యాంకులో ఆమెకు కొంత డిపాజిట్టు ఉంది. విదేశంలో ఉన్నవాళ్ల ఖాతా కదా అని బ్యాంకువాళ్లు వడ్డీలోంచి పన్ను కోసేశారు. "మస్కట్ జీతానికి ఇక్కడ పన్ను లేదమ్మా, ఈ వడ్డీ కూడా పరిమితి లోపలే. రిటర్ను వేయండి, కోసింది వెనక్కొచ్చేస్తుంది" అన్నాడు విశాఖపట్నంలో ఆడిటరు. వేసింది. వచ్చింది. మస్కట్‌లో తోటి నర్సులకు మిఠాయి కూడా పంచింది పిచ్చిపిల్ల. కొన్నాళ్లకే ధర్మ ఫోను చేసి అమ్మ పింఛను ఆపేశారని చెప్పాడు.

గ్రామ సచివాలయంలో పింఛన్లు చూసే వరహాలరావు పార్వతీపురం వైపు మనిషి. మంచివాడే. కంప్యూటరు తెరను ఎదురుగా కూర్చున్న నిర్మల, కనకల వైపు తిప్పి చూపించాడు.

"మీ ఇంట్లో ఆదాయప్పన్ను కట్టే మనిషి ఉన్నట్టు చూపిస్తంది మేడమ్. అలాంటి ఇంటికి పింఛను రాదు."

"నేను పన్ను కట్టలేదండీ. కోసేసింది వెనక్కి తీసుకున్నాను."

"అది మీకు తెలుసు, నాకూ తెలుసు. దీనికి తెలీదు. రిటర్ను వేసిన పేరు కనిపిస్తే చాలు, పన్ను కట్టినట్టే లెక్కేస్తది" అన్నాడు కంప్యూటరు నెత్తిన చెయ్యి వేసి. "అసలు మీరు మస్కట్‌లో ఉంటే, ఈ ఇంట్లో ఉంటన్నట్టు రాయించిందెవరు?"

"నేనే" అంది కనక, దర్జాగా.

ఆమె లెక్క ఆమెకుంది. కొర్రకొత్త పండగ నాడు కొత్త కొర్రలు వండి దేవతకు పెట్టాక ఇంటివాళ్లంతా తింటారు. పనికోసం ఊరు దాటిపోయినవాళ్ల వంతు కూడా కనక విడిగా ఆకులో పెడుతుంది. ఎవరికి ఆకు వేస్తే వాళ్లు ఆ ఇంటి మనుషులు. సర్వేకు వచ్చిన అమ్మాయి మీ ఇంట్లో ఎంతమంది అని అడిగితే, కనక వేసే ఆకుల్ని తలచుకుని నిర్మలను కూడా కలిపి చెప్పింది. ప్రభుత్వం ఆకులు లెక్కపెట్టదని ఆమెకు ఎవరైనా చెప్పారా ఏమిటి!

"మేడమ్ పేరు ఈ ఇంటిలోంచి తీసేస్తే సరిపోద్దమ్మా. పింఛను మళ్లీ మొదలవుద్ది. ఇక్కడ వేలు పెట్టు" అన్నాడు వరహాలరావు.

కనక చెయ్యి వెనక్కి లాక్కుంది. "తీసీడమేటి? అదేటి పెరట్లో కలుపా? నా గుంట నా కూతురు కాదని నా సేత్తో నేనే సెప్పాలా?"

"అలా కాదమ్మా, ఇది ఉత్త కాగితం" అంది నిర్మల.

"కాగితమైతే మరి నీకెందుకే ఇంత బెంగ? పింఛను పోతే పోనీ. కాఫీ పళ్లు కోసుకుని బతకలేనా?" అని విసురుగా లేచి బయట గట్టు మీద కూర్చుంది.

నిర్మల తెర మీద తన పేరు వైపు చూసింది. ధర్మకు పెళ్లాం ఉంది, పిల్లలున్నారు. తను ఫలానా ఇంటి మనిషినని చెప్పే కాగితం లోకం మొత్తంలో ఇదొక్కటే. అది పోవడం ఆమెకు మాత్రం ఇష్టమా? కానీ కనక ఇంకొకరి ముందు చెయ్యి చాపితే ఆమె చూసి తట్టుకోలేదు.

"నా పేరు నా అంతట నేను తీసేసుకోవచ్చా?" అని అడిగింది మెల్లగా.

"అవుద్ది మేడమ్. కారణం చెప్పాలి."

"విదేశంలో ఉంటున్నాను."

వేలు పెట్టింది. తల తిప్పేసరికి గుమ్మంలో కనక నిలబడి ఉంది. తిడుతుందనుకుంది నిర్మల. తిట్టలేదు. నేరుగా వరహాలరావు దగ్గరికి వెళ్లింది.

"బాబూ, ఈ గుంట పేరు మళ్లీ ఎక్కించాలంటే ఏటి సెయ్యాల?"

"ఏటీ లేదమ్మా. ఆ ఉద్యోగం వదిలి వచ్చేసి ఇక్కడే ఉంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు."

"అంతేనా!" కనక మొహం విప్పారింది. నిర్మల భుజం పట్టుకుని కుదిపింది. "ఇన్నావా? ఎప్పుడొచ్చేత్తావో సెప్పు. ఈ బాబు రాసుకుంటాడు."

వరహాలరావు ఆమె మాట తీసెయ్యలేక కలం అందుకున్నాడు కూడా. మస్కట్‌లో బయల్దేరే ముందే ఆసుపత్రివాళ్లకు మరో ఐదేళ్లు ఉంటానని సంతకం పెట్టి వచ్చిన సంగతి నిర్మల ఇంకా ఇంట్లో చెప్పలేదు. ఇంతసేపూ కంప్యూటరు తనకు అన్యాయం చేసిందని కుమిలిపోయింది. తీరా చూస్తే, అది అడిగిన కారణానికి తను చెప్పిన జవాబులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"బేగి సెప్పవే, బాబు కాసుకునున్నాడు" అంది కనక.