టప్పుమనే పెట్టె

వీధిలో అందరికీ ఆయన రేడియో బాబాయి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంటుంది. ఎవరింటికి వెళ్లినా ముందు ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి వేడి చూస్తాడు, ఆ తర్వాతే కుశలప్రశ్నలు. ఆయన దగ్గర దాదాపు ఆయన వయసే ఉన్న వాల్వుల ఆంప్లిఫయర్ ఒకటుంది. ఇంట్లోని వైర్‌లెస్ రేడియో నుంచి ఆయన గొంతును దూరదేశాలకు మోసే ఆ పెట్టె కాసేపటికే పెనంలా కాలేది; మాట్లాడటానికి మైకు బటన్ నొక్కిన ప్రతిసారీ లోపలి రిలే స్విచ్చు టప్పుమనేది. ఈమధ్య కొత్త ఫ్యాన్ బిగించి పెట్టెను చల్లబరిచాడు. అదే ఊపులో రిలే పీకేసి, చప్పుడు చెయ్యని చిన్న సర్క్యూట్ పెట్టాడు. "పిల్లి నడిచినట్టుంది!" అని మురిసిపోయాడు.

మర్నాడు బటన్ నొక్కి, సముద్రం అవతలి మిత్రుడికి తన పనితనం గురించి గొప్పలు చెప్పుకుంటున్నాడు. భార్య గుమ్మంలోంచి అందుకుంది. "ఆ డబ్బాకి ఫ్యాన్ పెట్టారు, బాగానే ఉంది. వంటింట్లో ఫ్యాన్ ఆగిపోయి నెల దాటింది. నేను మాత్రం ఉడికిపోవాలా?" ఇన్నేళ్లూ ఆ టప్పు వినబడి, మైకు తెరిచి ఉందని తెలియబట్టే ఆవిడ పెదవి విప్పకుండా ఉండేదని బాబాయికి అప్పుడు తట్టింది. బటన్ వదలగానే అవతల్నుంచి ఒకటే నవ్వు. "ముందు వదినగారి ఫ్యాన్ సంగతి చూడు గురూ, మనం తర్వాత మాట్లాడుకుందాం!"

సాయంత్రానికి వంటింటి ఫ్యాన్ తిరిగింది. పాత రిలే కూడా మళ్లీ పెట్టెలోకి చేరింది. ఇప్పుడు దానికి టప్పుమనడం తప్ప వేరే పనేమీ లేదు.