అనంతయ్య వదిలిన సందులు

వడ్రంగి పనిచేసే వడ్ల అనంతయ్య చేతిలో బాడిసె మాట్లాడాలి గాని అతని నోట మాట రాదని వనపర్తిలో ఆ వీధి వీధంతా అనుకునేది. అది తండ్రి నేర్పిన పద్ధతి. పని అప్పగించాక దాని గురించి పనివాడు నోరెత్తకూడదు. మంచి పనైతే అదే చెప్పుకుంటుంది, చెడ్డదైతే నువ్వు చెప్పి ఏం లాభం అనేవాడట ఆ పెద్దాయన. భార్య కాంతమ్మకు మాత్రం ఈ మౌనం మింగుడుపడేది కాదు. ఇంట్లో ఉప్పు తక్కువైనా చెప్పడు, కంచం ముందు పెట్టుకుని దేవుడిలా కూర్చుంటాడని నవ్వేది.

2003 ఎండాకాలంలో ఎదురింటి సుగుణమ్మ అతణ్ణి పిలిచింది. ఆమె అత్త విజయమ్మకు మోకాళ్ళ నొప్పులు. వాకిట్లో పరిచిన బండలు ఎండకు పెనంలా కాలేవి, చలికి జివ్వున లాగేవి. ముసలామె గడప దాటక ఏడాదైంది. ఆ బండల మీద చెక్కలతో ఒక నేల వేస్తే హాయిగా కూర్చుంటుంది కదా అని సుగుణమ్మ ఆశ. అచ్చంపేట వైపు నుంచి కొత్త టేకు తెప్పిస్తానని ఎవరో అన్నారట. అనంతయ్య తల అడ్డంగా ఊపాడు. అడవిలో పచ్చిచెట్టు కొట్టి తెచ్చిన చెక్క పొద్దునొక తీరు, మాపొక తీరు వంకర పోతుందని, ఆ చెట్టు మళ్ళీ అంత కావడానికి మూడు తరాలు పడుతుందని అన్నాడు. అతనికి అది చాలా పెద్ద ప్రసంగమే.

గద్వాలలో కూలగొడుతున్న ఒక పాత మిద్దె నుంచి నల్లమద్ది దూలాలు తెచ్చాడు. ఎనభై ఏళ్ళు కప్పు కింద ఎండి గట్టిపడిన కర్ర అది. కోయించి, చిత్రిక పట్టి, కింద రాళ్ళు పెట్టి లేపి, పలకకూ పలకకూ మధ్య రూపాయి బిళ్ళ దూరేంత సందు వదిలి బిగించాడు. వాననీళ్ళు కిందికి జారాలి, కింద గాలి ఆడాలి. ఆ సంగతి అతనికి తెలుసు. సుగుణమ్మకు చెప్పింది మాత్రం ఒక్కటే: ఏడాదికి రెండుసార్లు కానుగ నూనె రాయమని.

విజయమ్మ ఆ చెక్కల మీద మంచం వేయించుకుని కూర్చుంటే చూడవచ్చినవాళ్ళకు లెక్కలేదు. వాళ్ళ చుట్టం, గద్వాల డాక్టరు శివశంకర్ కూడా వచ్చాడు. తను కట్టుకుంటున్న ఇంటి మేడమీద వరండా పొడుగునా ఇలాంటిదే వేయించుకుంటానని మాటిచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ అనంతయ్యకు బతుకంతా తలుపులూ, నాగళ్ళూ, మంచాలే. అంత పెద్ద పని రావడం అదే మొదలు, బహుశా అదే ఆఖరు. మిగిలిన దూలాలను ఆ వరండా కోసమని కొట్టంలో పేర్చి పెట్టుకున్నాడు. డాక్టరు ఇల్లు మాత్రం నిదానంగా లేస్తోంది.

ఆ ఏడు దసరాకు సుగుణమ్మ పండగ పూట పిలిచి, రొట్టెలూ బెల్లమూ నలిపి చేసిన మలీద పెట్టింది. అనంతయ్య గడపలోకి వచ్చి ఆగిపోయాడు. విజయమ్మ మంచం చుట్టూ చెక్కల నేలంతా పెండతో, ఎర్రమన్నుతో నున్నగా అలికి ఉంది. దానిమీద తెల్లటి ముగ్గు, ఎక్కడా గీత తెగకుండా మెలికలు తిరిగింది. సందుల్లోంచి ముగ్గుపిండి జారిపోతోందని, గీత తెగిన ముగ్గు అరిష్టమని, ఆమె కనబడిన ప్రతి సందునూ వేలితో మన్ను కుక్కి పూడ్చింది. తన పనితనానికి తనే మురిసిపోతూ ఎట్లుందని అడిగింది. అతను మలీద ముద్ద నోట్లో పెట్టుకుని తలూపాడు. ఇంటికొచ్చి కాంతమ్మతోనూ అనలేదు.

వానలు సరిగా లేనన్నాళ్ళూ ఏమీ కాలేదు. సుగుణమ్మ శుక్రవారం శుక్రవారం అలుకుతూనే ఉంది. 2005లో వానలు దంచికొట్టాయి. మరుసటి ఏడు ఒక పొద్దున విజయమ్మ చేతికర్ర పలకలోకి దిగబడింది. ముసలామె పడలేదు, గోడ పట్టుకుని నిలబడింది. సుగుణమ్మ భయంతో పరుగున వచ్చి ఆమెను పట్టుకుంది. ఆ భయమే కోపమైంది. పుచ్చిన పాత దూలాలు అంటగట్టాడని నల్లా దగ్గర చెప్పింది, కిరాణా కొట్టులో చెప్పింది, ఫోనులో డాక్టరుకూ చెప్పింది. కాంతమ్మ ఆ మాటలు విని వచ్చి మొగుడి ముందు కొంగు విదిలించింది.

"పోయి అడుగు. నీ నోట్ల ముత్యాలున్నయా, రాలిపోతయని భయమా?"

అనంతయ్య వెంటనే పోలేదు. పనిని చూస్తే అదే చెప్తుందనుకున్నాడు. పది రోజులకు సుగుణమ్మే పీకెయ్యమని కబురు పెడితే గడ్డపార తీసుకుని వెళ్ళాడు.

పలక లేపితే అడుగున నానిన అటుకుల్లా చేతికొచ్చింది. సందుల్లోని మన్నుని పట్టుకుని చెదలు పైకెక్కాయి. తర్వాత విజయమ్మ మంచం జరిపాడు. దాని కింద ముగ్గు పడలేదు, అలికే చెయ్యి అందలేదు, సందులు అలాగే ఉన్నాయి. అక్కడి పలక గడ్డపారకు ఖంగుమంది. సుగుణమ్మ వంగి ఆ పలకనూ ఈ పలకనూ తడిమి చూసింది. ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

"దసరకు వచ్చినవ్ గద అన్నా. నేను పూడ్చింది సూసినవా?"

"సూసిన చెల్లె."

"మరి ఒక్క మాట అననీకి నోరు రాలేదా? నేను ఊరంత నిన్ను తిట్టుకుంట తిరిగితిని."

అతను గడ్డపార గోడకు ఆనించి, అన్నాడు:

"ముగ్గు మంచిగ ఉండె."

సుగుణమ్మ అప్పుడే డాక్టరుకు ఫోను చేసింది. తప్పు తనదేనని, అనంతయ్య పనికి వంక లేదని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. అవతల ఆయన మెత్తగానే జవాబిచ్చాడు. వరండాలో పాలరాయి పరచడం నిన్ననే పూర్తయిందని, ఆ పది రోజుల్లో అనంతయ్య ఒక్కసారి వచ్చి కనబడినా ఆగేవాడినని అన్నాడు. ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు అతనికి చెప్పేసింది, దాచడం ఆమెకు చేతకాదు.

అనంతయ్య పాడైన చోట కొత్త పలకలు బిగించాడు. సందు ఎందుకో, గాలి ఎందుకో, మన్ను ఎందుకు తగలకూడదో ఈసారి ఒక్కొక్కటే చెప్పాడు. మాటలు కుదరక మధ్యమధ్య ఆగాడు. సుగుణమ్మ ముగ్గును మెట్టు కిందికి, మట్టినేల మీదికి మార్చుకుంది. వీధిలో ఇల్లిల్లూ తిరిగి తన మాట వెనక్కి తీసుకుంది. విన్నవాళ్ళు అయ్యో అన్నారు గాని, చెక్కనేల కావాలని మళ్ళీ ఎవరూ రాలేదు.

డాక్టరు కోసం దాచిన దూలాలను ఆ చలికాలంలో అనంతయ్య తలుపుల చౌకట్లకు కోసేశాడు. వరండా పొడుగుకు సరిపోయే దూలం దగ్గరికొచ్చినప్పుడు రంపం పక్కన పెట్టి కొంచెంసేపు కూర్చున్నాడు. కాంతమ్మ టీ తెచ్చి, ఏమైందని అడిగింది. అడిగిన తొలిసారే చెప్పాడు.

"ఆ దసర దినం ఒక్క మాట అంటే అయిపోతుండె."

ఆమె ఆ రోజు దెప్పలేదు. దూలం రెండో కొస పట్టుకుంది, అతను కోశాడు.