దేవుడి కుండలో ఉండిపోయిన పన్నెండో పేజీ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. దేవుణ్ణి నమ్ముకున్నదానికి వాటితో పనేముంది? బాగ్‌బేరాలో మా రైల్వే క్వార్టర్లకు అవతల, యార్డు పక్కనున్న పాత సిగ్నల్ కేబిన్లో ఉండే దయ్యం గురించి మా అత్తగారు ఎన్ని చెప్పినా నవ్వి ఊరుకునేదాన్ని. అయినా ఇది నాకు జరిగింది. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారు ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి చదవడం నేర్పారు. పెళ్ళయి టాటానగర్‌లో ఈ క్వార్టర్లకు వచ్చాక, మా ఆయన డ్యూటీలో ఉన్న వేళల్లో కథలు రాసుకునేదాన్ని. కొన్ని పత్రికల్లో వచ్చాయి.

ఎనభైల మొదట్లో జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు హెల్గా. తండ్రి మిషనరీ కావడంతో చిన్నతనమంతా గోదావరి వైపే గడిచిందట. ఆవిడ తెలుగు అక్షరాలు నా అక్షరాలకంటే గుండ్రంగా ఉంటాయి. నా కథలు జర్మన్‌లోకి మార్చి, అక్కడ ఒక ప్రచురణకర్తనూ ఒప్పించారు. ఆ ఇద్దరికీ నేనెన్ని కృతజ్ఞతల ఉత్తరాలు రాశానో!

"ఎన్నిసార్లు సెప్తావే వందనాలు? నీ వల్ల పోస్టాఫీసోళ్ళు బతికిపోతన్నారు" అనేవారు మా ఆయన.

పుస్తకం కోసం కొత్తగా రాసిన చివరి కథ మా అమ్మమ్మది. మా వాళ్ళలో ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తారు. నెలాఖరు ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, పట్టుకెళ్తారు. కథలో కరువొస్తుంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నా అమ్మమ్మ ఆ కుండ ముట్టదు. పన్నెండో పేజీలో మాత్రం మోకరించి, "తండ్రీ, ఇవాళ నువ్వే వడ్డించు" అని కుండంతా ఒంపి వండేస్తుంది.

నాకో అలవాటుంది. రాసిన కాగితాలు పంపేముందు ఒక రాత్రి మా ఇంటి దేవుడి కుండలో ఉంచుతాను. ఈ కథ పన్నెండు పేజీలనూ అలాగే ఉంచి, తెల్లారి తీసి, మా ఆయన చేత రిజిస్టరు పోస్టులో పంపించాను.

నెలాఖరున గుడికి బియ్యం ఒంపుతుంటే అడుగునుంచి పన్నెండో పేజీ బయటపడింది.

ఆ పేజీ లేకపోతే మా అమ్మమ్మ పరాయి దేశంలో పిల్లల్ని పస్తులు పెట్టిన మనిషిగా మిగిలిపోతుంది. పుస్తకమా, అచ్చుకు వెళ్ళిపోతోంది. సోమవారం పొద్దున్నే క్షమాపణతో ఆ పేజీ పంపి, ప్రార్థనలో కూర్చున్నాను.

బుధవారం హెల్గా గారి ఉత్తరం వచ్చింది. పది రోజుల కిందటి తారీఖు. పన్నెండు పేజీలూ అందాయనీ, "తండ్రీ, ఇవాళ నువ్వే వడ్డించు" దగ్గర కళ్ళనీళ్ళు ఆగలేదనీ రాశారు. చివరి పేజీ మడతలో రెండు బియ్యపు గింజలు దొరికితే దాచుకున్నారట.

"నే సెప్పలేదేటి, ఆ కేబిన్లోదే!" అన్నారు అత్తగారు.

"దెయ్యానికి జర్మనీ అడ్రసు ఎలా తెలుత్తాదే అమ్మా?" అన్నారు మా ఆయన. నాతో మాత్రం, "నెలనెలా బియ్యం ఇత్తన్నావు గదేటి, ఆ మాత్రం టపా పని సెయ్యడా?" అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం.

తర్వాత నెల హెల్గా గారు అడిగారు, అదే పేజీ మళ్ళీ ఎందుకు పంపారని. నేను అడిగితే రెండూ తిప్పి పంపారు. రెండూ నా చేతిరాతే. పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటిలోనూ ఎడమ అంచున ఒకే చోట, ఒకే ఆకారంలో సిరా మరక. నేను రాసింది ఒక్క ప్రతి. ఇప్పుడు రెండూ నా బైబిల్లో ఉన్నాయి. ఏది నేను రాసిందో నాకే తెలియదు.

పుస్తకం వచ్చింది. అమ్మమ్మ కుండ ఒంపింది, పిల్లలు తిన్నారు. హెల్గా గారికి, ప్రచురణకర్తకు, చివరికి మా పోస్ట్‌మన్‌కు కూడా వందనాలు చెప్పుకున్నాను. ఆ పేజీ మోసిందెవరో తెలియక ఒక్క వందనం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అందుకే బియ్యం కొలిచినప్పుడు ఇప్పటికీ ఒక పిడికెడు ఎక్కువ వేస్తున్నాను.