తెగిన పోగు

మా వీధిలో మరమగ్గాల మోతకు కాకులు కూడా సైగలతోనే మాట్లాడుకుంటాయి. ఆ మోతలోనే నవనీత ఒక చేత్తో నూలు కండెలు చుడుతూ, ఒళ్లో గైడు పెట్టుకుని గ్రూప్స్ పరీక్షకు చదువుతుంది. వయోపరిమితి ప్రకారం ఆమెకు ఇదే చివరి అవకాశం. వాదనలో లోపం కనిపెట్టే రీజనింగ్ ప్రశ్న వస్తే చాలు, పెన్ను మూత కొరుకుతూ పేరా మొత్తం మూడుసార్లు చదివేది. సమయమూ పోయేది, జవాబూ తప్పేది. ఒకనాడు పోగు తెగి ఆమె మామ రాజం మగ్గం ఆగింది. ఆయన వేల పోగుల్లో వెతకలేదు. నేసిన బట్ట మీద సన్నని గీతను వేలితో పట్టుకుని, దాని వెంటే వెనక్కి వెళ్లి, తెగిన చోట ముడి వేశాడు.

"గంత జల్ది ఎట్ల దొరికింది మామా?"

"అన్ని పోగులు దేవులాడితే పొద్దుగూకుతది బిడ్డా. బట్టనే చెప్తది యాడ తెగిందో."

నవనీత పెన్ను మూత నోట్లోంచి తీసింది. ఆనాటి నుంచి ముందు ముగింపు వాక్యం చదివి, దాన్ని నిలబెట్టలేని కారణం ఎక్కడుందో వెతుకుతూ వెనక్కి వెళ్లడం మొదలుపెట్టింది. మొన్న ఆదివారం కరీంనగర్‌లో మోడల్ టెస్ట్ రాసింది. ఇరవై రీజనింగ్ ప్రశ్నల్లో పంతొమ్మిది ఒప్పు, పైగా ఆరు నిమిషాలు మిగిలాయి.

"మరి గా ఒక్కటెట్ల తప్పింది?" అన్నాడు రాజం.

"గా దాంట్ల బట్ట చూడకుంట పోగులు దేవులాడిన మామా," అంది నవనీత, కొత్త కండె ఎక్కిస్తూ.