సోంపు బీడీలు

మా కటింగ్ షాపుకు రెండిళ్ళ అవతల అరుగు మీద ఆడవాళ్ళు నలుగురు కూర్చుని బీడీలు చుడతారు. పొద్దున నేను షట్టరు ఎత్తే వేళకు వాళ్ళు నానబెట్టిన తునికాకును గోనెసంచిలోంచి తీసి దులుపుతుంటారు. అది తడిమట్టి వాసన కాదు, పచ్చి ఆకు వాసనా కాదు. రెండింటి నడుమ ఏదో వగరు. ఆ రెండిళ్ళూ దాటి వచ్చి, నా షాపులోని స్నో వాసననూ సబ్బు నురగ వాసననూ పక్కకు తోసి, పిలవని గిరాకీలాగా కుర్చీలో కూర్చుంటుంది. ఎల్లారెడ్డిలో అందరికీ అది బీడీల వాసన. నాకు మాత్రం కామారెడ్డిలో ఒక ఆసుపత్రి వార్డు వాసన. అది ముక్కుకు తగలగానే నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే చూపుడువేలి మీద జారడం మొదలుపెడుతుంది. అక్కడి ఖాజమ్మ ఇంకా చూస్తోందని దానికి అనుమానం.

నాకు లక్వా, అదే పక్షవాతం, ఎట్లా వచ్చిందో ఇప్పటికి పదకొండు రకాలుగా చెప్పాను. నిజంగా జరిగింది చెప్పుకునేంత గొప్పది కాదు. ఒక ఆదివారం ఒకాయన గడ్డానికి నురగ పూస్తుంటే బ్రష్షు జారి ఆయన ఒళ్ళో పడింది. తీసుకుందామని చూస్తే చెయ్యి నా మాట వినలేదు. కాసేపటికి కుడికాలు కూడా చెయ్యితో జత కలిసింది. ప్రాణం నిలబడ్డాక, కాలికీ చెయ్యికీ మళ్ళీ పని నేర్పించాలని నన్ను కామారెడ్డిలో చేర్చారు. అక్కడ మంచాల మీద ఉన్నవాళ్ళందరూ నాలాగే తమ ఒంటితో తాము పంచాయితీ పెట్టుకున్నవాళ్ళే. మూతి కొద్దిగా వంకరపోయింది గానీ మాట పోలేదు. ఈ సంగతి డాక్టర్లు చెప్పినప్పుడు మా ఆవిడ సుజాత సంతోషపడిందో నిరాశపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కాలు మూడు వారాల్లో దారికొచ్చింది. చెయ్యే మొండికేసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా మనుషుల గొంతుల మీద కత్తి ఆడించి బతికినవాణ్ణి. కుడిచెయ్యి లేకపోతే నాకు మిగిలేది ఒక అద్దం, ఒక తిరిగే కుర్చీ. ఈ భయాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. భయం వేసినప్పుడల్లా ఒక కథ చెప్పడం నాకు అలవాటు. కసరత్తు నేర్పే డాక్టరమ్మ చిన్న పిల్ల, మంచిది. రోజుకు వందసార్లు పిసకమని ఒక మెత్తటి రబ్బరు బంతి ఇచ్చింది. ఊరి పెద్దల తలకాయలను ఎటు కావాలంటే అటు తిప్పిన చేతికి రబ్బరు బంతా! ఆమె అటు తిరగగానే దాన్ని మంచం కిందికి దొర్లించేవాణ్ణి.

దాన్ని రోజూ చీపురుతో బయటికి లాగేది ఖాజమ్మ. ఆమె ఆ వార్డులో ఆయా. అసలు పేరు ఖాజాబీ. అరవైకి దగ్గరి వయసు, గట్టి మనిషి. మమ్మల్ని లేపి కూర్చోబెట్టడం, కడగడం, పక్కలు మార్చడం ఆమె పని. డ్యూటీ దిగి ఇంటికిపోతే బీడీలు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకున్న చాటను ఇంకా దించలేదని చెప్పేది.

“ఏమయా నర్సింలూ, బంతి మల్ల మంచం కిందికి వోయింది?”

“దానికి కాళ్ళొచ్చినయి ఖాజమ్మా. నా చెయ్యికి రావాల్సిన బలం దానికి వోయినట్టున్నది.”

“గట్లనా? అయితే రేపటి సంది బంతితోనే కసరత్తు చేయిస్త. నువ్వు పండుకో.”

ఆ రోజే నేను వార్డుకు ఎలుగుబంటి కథ ఎత్తుకున్నాను. ఎల్లారెడ్డి అడవిలోంచి ఒక ఎలుగుబంటి ఎండలకు తాళలేక నా షాపుకు కటింగ్‌కు వచ్చిందనీ, చేసిన కటింగ్ నచ్చక నా చెయ్యి మీద ఒక్కటిచ్చిందనీ, అప్పటినుంచే ఈ చెయ్యి పడిపోయిందనీ టూకీగా చెప్పాను. అందరూ నవ్వారు. ఖాజమ్మ నవ్వలేదు. చీపురు మీద చెయ్యి ఆనించి నిలబడింది.

“పాపిట ఏ పక్కకు తీసినవ్?”

నేను తడబడ్డాను. “ఎడమ పక్కకు.”

“మరి కొట్టదా? ఎలుగుబంట్లు నడిమి పాపిట తీస్కుంటయి.”

నా కథకు నాకంటే మంచి ముగింపు ఇచ్చిన మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. ఆమె కూడా నన్ను అప్పుడే సరిగ్గా చూసి ఉంటుంది. మర్నాడు వస్తూ వస్తూ తడిగుడ్డలో చుట్టిన ఆకు, నూలు ఉండ, చిన్న చాట, ఒక పొట్లం సోంపు తెచ్చి నా మంచం మీద పెట్టింది. ఆకు అప్పటికే అచ్చురేకు పెట్టి కత్తిరించి ఉంది.

“పొగాకు తెస్తే డాక్టరమ్మ నన్ను తోలేస్తది. అందుకే సోంపు. ఇగ విను. నువ్వు ఎలుగుబంటి కథ మొదటి సంది చెప్పాలె, నీ కుడిచెయ్యి బీడీ చుట్టాలె. ఎడమచెయ్యి ఆకు పట్టుకునేటందుకే. చెయ్యి ఆగిందా, కథ గూడ ఆగాలె.”

డాక్టరమ్మ వచ్చి కాసేపు చూసింది. ఆకు దొర్లించడం, కొస మడవడం, నూలు కట్టడం… వేళ్ళకు ఇంతకంటే మంచి పని తాను చెప్పలేనని నవ్వి వెళ్ళిపోయింది. పని మంచిదే, చేసేవాడికి తెలుస్తుంది దాని సంగతి. నా కుడి బొటనవేలు ఆకు మీద చచ్చిన చేపలాగా పడుకుంది. ఎలుగుబంటి నా షాపు ముందుకు వచ్చి ఒక కాలు గడప లోపల పెట్టింది. అంతే, చెయ్యి ఆగింది. “ఆపు,” అంది ఖాజమ్మ. మాట నోట్లో ఉండగా మింగడం ఎంత కష్టమో నాలాంటివాడికే తెలుస్తుంది. మూడు రోజులు ఆ ఎలుగుబంటి గడప మీద ఒంటికాలితో నిలబడింది.

పక్క మంచం మీద బీబీపేట నుంచి తుంటి విరిగి వచ్చిన ఎల్లయ్య తాత ఉండేవాడు. ఆయన ఓపిక అయిపోయింది. “అరె నర్సింలూ, దాన్ని లోపలికన్న తీస్కో, బయటికన్న వెళ్ళగొట్టు. దాని కాలు నొస్తున్నదేమో అని నాకు నిద్ర వడ్తలేదు.”

మూడో రోజు సాయంత్రం నా మొదటి బీడీ పుట్టింది. నడుమ ఉబ్బి, కొస వంగి, సోంపు గింజలు రాలుస్తోంది. ఖాజమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. “అయ్యో, దీనికి గూడ లక్వా కొట్టింది.” వార్డు వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. వంకర మూతితో నవ్వడం నాకు అప్పటిదాకా సిగ్గుగా ఉండేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

తర్వాతి వారానికి రోజుకు నాలుగైదు అయ్యేవి. ఎల్లయ్య తాత వాటిలో రెండు కాజేసి, కిటికీలో ఎండబెట్టి, బాత్రూములో ఒకటి అంటించాడు. కాసేపటికి పెళ్ళి భోజనాలు చేసి లేచినట్టు వార్డంతా సోంపు ఘుమఘుమలు. డాక్టరమ్మ వాసన పట్టుకుని పోయి తలుపు కొడితే తాత దగ్గుతూ బయటికొచ్చాడు. “ఏం లేదమ్మా, అన్నం అరుగుతలేదని,” అన్నాడు. ఖాజమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

ఇంతలో సుజాత ఊరికి పోయి వచ్చింది. బస్టాండు ఎదురుగా ఏసీ పెట్టి కొత్త సెలూన్ తెరిచారట. నా గిరాకీలు కొందరు అక్కడ కనిపించారట. ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం మంచం మీద ముళ్ళు మొలిచాయి. సోమవారం పరీక్ష చేసి, చెయ్యి బాగుంటే ఇంటికి పంపిస్తానని డాక్టరమ్మ అంది. నేను ఎప్పుడూ చేసే పనే చేశాను. ఆదివారమంతా ఖాజమ్మకు సెలవు. ఆ ఒక్కరోజులో ఎడమచేత్తో ఇరవై ఐదు బీడీలు చుట్టి, నీటుగా కట్టగట్టి, తలగడ కింద పెట్టాను.

సోమవారం డాక్టరమ్మ నా గుప్పిట పట్టు చూసి ఫరవాలేదంది. వేళ్ళ పని సంగతి అడిగేసరికి కట్ట తీసి చేతిలో పెట్టాను.

“ఇవన్నీ కుడిచేత్తోనే?”

“కుడిచేత్తోనే మేడం. ఎడమచెయ్యి పక్కన కూర్చుని మెచ్చుకుంది.”

ఆమె సంబరపడి, డిశ్చార్జి కాగితాలు రాయడానికి పోయింది. ఖాజమ్మ కట్టలోంచి ఒక బీడీ లాగి వెలుగుకు పెట్టి తిప్పింది. ఇంకొకటి లాగింది. నాకు తెలియని సంగతి ఒకటుంది. కుడిచేత్తో చుట్టిన ఆకు అంచు ఒక దిక్కుకు మళ్ళుతుంది, ఎడమచేత్తో చుట్టినది ఎదురు దిక్కుకు. యాభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషికి అది మొహం మీద ముక్కంత స్పష్టం. మనుషులను నమ్మించడం నాకు వచ్చు గానీ, ఆకును నమ్మించడం ఎవరూ నేర్పలేదు.

ఆమె తిట్టలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. అలమరలోంచి నా దువ్వెన తీసి కుడిచేతిలో పెట్టింది. కొంగు పక్కకు జరిపి గడ్డం పైకెత్తింది.

“కత్తి అనుకో. నా గొంతు మీద పెట్టు.”

“ఏందిది ఖాజమ్మా…”

“పెట్టు.”

పెట్టాను. దువ్వెన పళ్ళు ఆమె గొంతు మీద టకటకమని కొట్టుకున్నాయి. ఆపుదామని బిగపడితే ఇంకా ఎక్కువ కొట్టుకున్నాయి. ఆమె నా మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

“దువ్వెన గాబట్టి బతికిన,” అంది. ఆమె గొంతులో కోపం లేదు. “ఎలుగుబంటి ముచ్చట చెప్పు, నవ్వుత. లోకానికి ఎన్నన్న చెప్పు. చెయ్యికి మాత్రం అబద్ధం చెప్పకు నర్సింలూ. అది పిచ్చిది, నమ్ముతది. పనైపోయిందనుకుని ఊకుంటది.” లేచి చీపురు అందుకుంది. “డాక్టరమ్మకు నేను చెప్ప. ఇది నీ గొంతు గాదు, నా గొంతు గాదు. రేపు నీ కుర్చీల కూసునేటోని గొంతు.”

డాక్టరమ్మ గది ఆ వరండా చివర ఉంది. కాళ్ళీడ్చుకుంటూ అక్కడిదాకా నడవడంలో దారి పొడవునా నాకు మంచి మంచి కథలు తోచాయి. గుమ్మం దగ్గర ఒక్కటీ మిగల్లేదు. “మేడం, అవి ఎడమచేతి బీడీలు,” అన్నాను. నా బతుకులో ఒక్క వాక్యంతో ముగిసిన కథ అదొక్కటే. ఆమె నన్ను చూసింది, కాగితాన్ని చూసింది, దాన్ని నిలువునా చించి ఇంకో నెల అంది. విషయం తెలిసి సుజాత గాబరాగా నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. “నిజం చెప్పినవా? లక్వా మల్లొచ్చిందా ఏంది?”

ఆ నెలలో ఎలుగుబంటి కుర్చీ ఎక్కింది, కటింగ్ చేయించుకుంది, అద్దం చూసుకుని మురిసి, పెద్దకొడప్‌గల్‌లో పెళ్ళిచూపులకు కూడా పోయింది. ఖాజమ్మ పిల్ల తరఫువాళ్ళ గురించి ఆరా తీసింది. ఎలుగుబంటి పిల్లకు చదువెంత అని అడిగింది. నేను చెబుతూనే ఉన్నాను, చెయ్యి చుడుతూనే ఉంది. కొన్ని రోజులు బాగా సాగేది, కొన్ని రోజులు నూలు ముడి కూడా పడేది కాదు. పడని రోజు, “ఇయ్యాల లేదు ఖాజమ్మా,” అనేవాణ్ణి. ఆమె తలూపి చాట తీసుకుపోయేది. లేదని చెప్పడంలో ఇంత సుఖం ఉందని నాకు యాభై దగ్గర పడ్డాక తెలిసింది. ఆఖరి రోజు ఆమె నేను చుట్టిన ఒక బీడీ తీసి అంచు చూసింది. తర్వాత విప్పి, లోపలి సోంపు నోట్లో వేసుకుని నమిలింది. “ఇది కుడిచెయ్యే,” అంది. నాకు ఇంతవరకూ ఎవరూ అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఇప్పుడామె తాడ్వాయిలో కూతురి దగ్గర ఉంటోంది. చూపు తగ్గింది. పోయిన రంజాన్‌కు వెళ్తే నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి, సేమియా గిన్నెను కావాలనే నా కుడిచేతికి ఇచ్చింది.

షాపు మళ్ళీ తెరిచిన రోజు మొదట వచ్చింది సత్తయ్య సార్, రిటైరైన హెడ్మాస్టర్. కుర్చీలో కూర్చుని, “ఎట్లున్నది నర్సింలూ చెయ్యి?” అని అడిగారు. బెంచీ మీద ముగ్గురు నావైపే చూస్తున్నారు. బస్టాండు దిక్కున ఏసీ సెలూన్ అద్దాలు మెరుస్తున్నాయి. నా నోట్లో ఏడు రకాల జవాబులు తయారుగా ఉన్నాయి. కత్తి విప్పి పట్టుకున్నాను. కొన సన్నగా వణికింది.

“ఇయ్యాల మంచిగ లేదు సార్. రేపు రండ్రి.”

సార్ లేచి వెళ్ళిపోయారు. బెంచీ మీది ముగ్గురూ లేచారు. ఇక షాపు మూతే అనుకున్నాను. మర్నాడు అదే వేళకు సార్ ఇంకాస్త పెరిగిన గడ్డంతో వచ్చి కూర్చున్నారు. వెనకాల ఆ ముగ్గురు, కొత్తగా ఇంకొకరు. “ఇయ్యాల?” అన్నారు. కత్తి విప్పి చూసుకున్నాను. “ఇయ్యాల ఉన్నది సార్,” అన్నాను.

అప్పటినుంచీ నా షాపులో అదే పద్ధతి. ఎవరు కూర్చున్నా ముందు కత్తి విప్పి చేతిని అడుగుతాను. అది ఏం చెబితే అదే వాళ్ళకు చెబుతాను. నెలలో ఒకటి రెండు రోజులు గడ్డాలు ఉండవు, ఉట్టి కథలే. మా గిరాకీలు మామూలు వాళ్ళు కాదు. బయట వాన పడుతోందని నేనంటే, తలుపులోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటారు. ఆ మనుషులే, “ఇయ్యాల చెయ్యి మంచిగున్నది,” అని నేను అనగానే, ఇంకో మాట అడగకుండా గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుంటారు.