బాత్‌రూమ్ పిన్ని

మా ఎర్మిండా వదినకు ఓడలో వాళ్ళంతా కలిసి పెట్టిన పేరు బాత్‌రూమ్ పిన్ని. ఏ రేవులో దిగినా ఆవిడ కోటల గురించి అడగదు, కొండల గురించి అడగదు. డ్రైవరును నిలబెట్టి ఒక్కటే అడుగుతుంది. "నాయనా, దారిలో బాత్‌రూములు ఎక్కడెక్కడున్నాయి?"

ఆవిడ మా ఆయనకు అక్క. రొసారియోలో నలభై ఏళ్ళు బొత్తాల దుకాణం నడిపింది. ఒక్క బొత్తాం కోసం వచ్చినవాడికి డజను అంటగట్టి, తానే నష్టపోయినట్టు నిట్టూర్చేది. మా ఆయన రూబెన్ సముద్రం పేరెత్తితేనే నిమ్మకాయ వెతుక్కునే రకం. అందుకని బ్యూనస్ ఎయిరెస్‌లో బయల్దేరి ఖండం దక్షిణపు కొస చుట్టి వాల్పరైసో చేరే ఓడలో ఆవిడకు నన్ను తోడిచ్చి పంపాడు. "అక్కని చూసుకో" అన్నాడు నాతో. "డెలియాని చూసుకో" అన్నాడు అక్కతో. ఎవరు ఎవర్ని చూసుకోవాలో తేలకుండానే ఓడెక్కేశాం.

రేవు రేవుకీ ఊరు చూపించడానికి ఓడవాళ్ళే బస్సులు పెడతారు. ధర వింటే ఊరు చూపిస్తారా, రాసిస్తారా అనిపిస్తుంది. అయినా మొదటి సాయంత్రం వదిన టికెట్లు కొంటానని వెళ్ళి వరసలో నిలబడింది. తిరిగి వచ్చేటప్పటికి చేతిలో టికెట్లు లేవు, మొహం మాత్రం యుద్ధానికి బయల్దేరినట్టుంది.

"బస్సు వద్దు. మనమే వ్యాను మాట్లాడుకుందాం."

"ఇద్దరికీ వ్యానా వదినా?"

"మనుషుల్ని నేను పోగేస్తాగా. వ్యానులో ఖాళీ సీటంటే అమ్ముడుపోని బొత్తామే."

మర్నాడు ఫలహారాల దగ్గర పోగేసింది. కురిచిబా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు వాండర్లీ, ఆయన భార్య దాల్వా ధర వినగానే ఒప్పుకున్నారు. అన్సెల్మో గారి దగ్గర మాత్రం కాస్త కష్టమైంది. ఆయన తుకుమాన్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయింది. నిద్రలో తప్ప మెడలో టై తీయరని మా అనుమానం.

"క్షమించండమ్మా. నాకు దిగాలని లేదు. ఓడలోంచే అన్నీ బాగా కనిపిస్తాయి" అన్నారాయన.

"ఓడలోంచి పెంగ్విన్ కనిపిస్తుందా? మీరు రాకపోతే మా వాటా పెరుగుతుంది. మీ బిడియం ఖర్చు మేమెందుకు భరించాలి?"

ఆ మాటకు జవాబు వెతుక్కునేలోపే ఆయన వ్యానులో ఉన్నారు.

పుఎర్తో మాద్రిన్ రేవు గేటు బయట డ్రైవర్లు పెంగ్విన్ బొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. వదిన పెళ్ళికొడుకుల్ని చూసినట్టు ఒక్కొక్కరినీ చూస్తూ నడిచింది.

"పిన్నీ, అక్కడ పెంగ్విన్లు లక్షల్లో ఉంటాయి!"

"ఉండనీ. బాత్‌రూములు?"

"అక్కడికెళ్ళాక ఒకటుంది."

"నువ్వు పక్కకి జరుగు."

ఎర్ర జుట్టు ఐవర్ మాత్రం తల గోక్కుని, నిజాయితీగా ఆలోచించాడు. "పెట్రోలు బంకులో ఒకటి. తర్వాత మా మేనత్త ఇల్లు. ఆ తర్వాత గొర్రెల దొడ్డి దగ్గర ఒకటుంది గానీ, దాని తలుపు గాలికి ఊగుతుంది."

"ఊగితే నువ్వు పట్టుకుందువు గానీ. ఎంత?"

చెప్పాడు. వదిన గుండె పట్టుకుంది.

"అంతకన్నా తగ్గిస్తే పెట్రోలుకి కూడా రాదు పిన్నీ!"

"అయితే తోసుకుంటూ పోదాం. నాకేం తొందర?"

చివరికి బస్సు ధరలో సగం కూడా పడలేదు. ఐవర్ కూడా నవ్వుతూనే బండి తీశాడు. ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఊరు దాటి అరగంట కాలేదు, వెనక సీట్లోంచి కేక. "ఆపు నాయనా, ఆపు! నా వల్ల కాదు!"

బంకు దగ్గర ఆపాడు. ఆవిడ దిగింది. ఎలాగూ ఆగాం కదా అని అందరం దిగాం. మళ్ళీ అరగంటకు అదే కేక. వాండర్లీకి ఒళ్ళు మండింది.

"మళ్ళీనా! ఇప్పుడేగా వెళ్ళొచ్చారు!"

"బాబూ, నీకు పళ్ళ సంగతి తెలుసు. ఇది కింది అంతస్తు వ్యవహారం."

ఆవిడ వల్ల తిట్లు ఎన్ని పడ్డామో, వింతలు కూడా అన్ని చూశాం. ఒకళ్ళ ఇంటి బాత్‌రూము వాడుకుని ఉత్తినే వెళ్ళిపోకూడదని వదిన నియమం. యోగక్షేమాలు అడగాలి, పెట్టింది తినాలి. ఐవర్ మేనత్త నల్లటి కేకు కోసి పెట్టి, టీ పోసి, పుంజుకు కుంటి కాలు ఎలా వచ్చిందో మొదట్నుంచీ చెప్పింది. నక్క పాత్ర రాగానే వాండర్లీ కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొర్రెల దొడ్డిలో ఉన్ని తీస్తున్నారు. అన్సెల్మో గారు టై భుజం మీదకు వేసుకుని, ఒక గొర్రె కాలు పట్టుకుని సాయం చేశారు.

అయితే పెంగ్విన్లను చూసి తిరిగొస్తుంటే ప్రాణం మీదికొచ్చింది. ఓడవాళ్ళు తమ బస్సుల కోసం ఆగుతారు గానీ, బయటి వ్యాన్ల కోసం ఆగరు. అప్పటికే ఆలస్యమైంది. ఐవర్ బండిని గుర్రంలా తోలుతున్నాడు. ఊరి దీపస్తంభం కనిపించేలోపు మళ్ళీ కేక.

"ఆపు నాయనా!"

"ఓడ వెళ్ళిపోతుందండీ!" వాండర్లీ దాదాపు ఏడ్చాడు.

"వెళ్తే వెళ్ళనీ. మనం ఈ ఊళ్ళోనే పళ్ళ దుకాణం పెట్టుకుందాం. ఆపు!"

మేం రేవులో పరిగెత్తేసరికి ఓడ నిచ్చెనను పైకి లాగే గొలుసు మీద అధికారి చెయ్యి ఉంది. మా వంక చూసిన చూపుకే మేం సగం చచ్చాం. "ఇంక జన్మలో ఈవిడతో రాను!" అన్నాడు వాండర్లీ. తర్వాతి రేవులో అందరికన్నా ముందు వ్యానెక్కి కిటికీ సీటు పట్టుకున్నది కూడా ఆయనే.

నాకు మాత్రం ఒక సంగతి కొరుకుడు పడలేదు. వదిన ఓడలో గంటల తరబడి మాతే ఆకుల కషాయం తాగుతుంది. పాటల కచేరీలో నేను రెండుసార్లు లేచి వెళ్ళొచ్చినా, ఆవిడ రాతిబొమ్మలా కూర్చునే ఉంటుంది. ఓడలో లేని జబ్బు వ్యాను ఎక్కగానే ఎందుకొస్తుంది?

"గతుకుల రోడ్డే డెలియా" అంది అడిగితే.

ఉషుఆయాలో రోడ్డు అద్దంలా ఉంది. అక్కడా ఒక ఇంటి దగ్గర ఆపించింది. ఆ ఇంటి వెనక్కి వెళ్ళి చూశాను. వదిన బాత్‌రూములో లేదు. కట్టెల గుట్ట మీద కూర్చుని ఒక కుక్కతో కబుర్లు చెబుతోంది. నన్ను చూసి, "క్యూ ఉంది" అంది. అక్కడ క్యూలో ఉన్నదల్లా ఆ కుక్కే.

గుట్టు పుఎర్తో మోంత్‌లో బయటపడింది. ఆ పొద్దున వదిన మెట్ల మీద కాలు బెణికించుకుంది. చీలమండ గుమ్మడికాయలా వాచింది. అక్కడ ఓడ దూరంగా ఆగుతుంది, చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు పోవాలి. ఆవిడ వల్ల కాదు.

"నేనూ ఉండిపోతాలే వదినా."

"చాల్లే. నువ్వు వెళ్ళి వ్యాను మాట్లాడు. అరగంటకోసారి ఆపమని కేకెయ్యి. గట్టిగా అరవాలి."

"నేనా? నాకేం అవసరం?"

"నాకు మాత్రం ఏం అవసరమే, పిచ్చిమొహమా?"

నేను మంచం అంచున కూలబడ్డాను. అప్పుడు చెప్పింది. మొదటి సాయంత్రం టికెట్ల వరసలో ఆవిడకు ముందు అన్సెల్మో గారున్నారు. బస్సు మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా అని మెల్లగా అడిగారట. టికెట్లమ్మాయి అందరికీ వినపడేలా, "ఆగదండీ. ఏం, మీకేమైనా సమస్యా?" అందట. వరసంతా తలలు తిప్పి చూసింది. ఆయన టై సర్దుకుని, టికెట్ కొనకుండానే వెళ్ళిపోయారట.

"బతుకంతా ఊళ్ళో వాళ్ళ కోసం రైళ్ళు ఆపిన మనిషే. ఆయన కోసం ఒక వ్యాను ఆగకూడదా? ఆయనకా, అడగాలంటే సిగ్గు. నాకా, సిగ్గంటే ఏమిటో తెలీదు. సరిపోయింది."

"మరి డబ్బు కలిసొస్తుందనే వ్యాను అన్నావు?"

"అదీ నిజమే. పుణ్యం చవగ్గా వస్తుంటే ఎక్కువ పెట్టి ఎందుకు కొనాలే?"

ఒడ్డుకు చేరాక గేటు బయట సెగుండో అనే డ్రైవరు దొరికాడు. బాత్‌రూముల ప్రశ్న అడుగుతుంటే నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఊరు దాటాక కళ్ళు గట్టిగా మూసుకుని అరిచాను. "ఆపండీ! నా వల్ల కాదు!"

"ఈవిడ కూడానా!" అని తల పట్టుకున్నాడు వాండర్లీ.

రెండోసారి కొంచెం ధైర్యంగా అరిచాను. మూడోసారి అరవాల్సిన వేళకి వ్యాను సరస్సు పక్క మలుపు తిరిగింది. మబ్బులు విడిపోయి, నెత్తిన మంచుతో ఒసోర్నో అగ్నిపర్వతం నిండుగా కనిపించింది. అంత అందం చూస్తూ నేను ఊరినీ, వ్యానునూ, అరగంటనూ మరిచిపోయాను. ఎంత దూరం పోయామో తెలీదు. గుర్తొచ్చి పక్కకు చూస్తే అన్సెల్మో గారు అగ్నిపర్వతాన్ని చూడటం లేదు. మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని ముందు సీటు వీపును చూస్తున్నారు. నేను నోరు తెరవబోయాను.

"ఆపవయ్యా! నా వల్ల కాదు!"

అరిచింది వాండర్లీ.

దాల్వా నివ్వెరపోయింది. "నీకా?"

"నాకే. ఏం, పళ్ళ డాక్టరుకి ఉండకూడదా?"

సరస్సు ఒడ్డున టీకొట్టు దగ్గర వ్యాను ఆగింది. వాండర్లీ దిగి, బాత్‌రూము వైపు కన్నెత్తి కూడా చూడకుండా, గోడ పక్కన పూలమొక్కల్ని తీరిగ్గా పరీక్షించసాగాడు. కాసేపటికి అన్సెల్మో గారు రుమాలుతో చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చారు.

"డెలియా గారూ, ఇది మీ ఇంట్లో వంశపారంపర్యమా?"

"అవునండీ" అనేశాను.

"మీరు ఆవిడకు మరదలు కదా? రక్తసంబంధం కాదే."

దొరికిపోయాను. "అయితే... అంటువ్యాధి అయ్యుంటుందండీ."

ఆయన పూలమొక్కల వైపు చూశారు. "అదే అయ్యుంటుంది. పాపం, డాక్టరు గారిక్కూడా సోకింది."

అని లోపలికి వెళ్ళి, పెద్ద ఆపిల్ కేకు ముక్క పొట్లం కట్టించి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీ వదినగారికివ్వండి. కాలు త్వరగా తగ్గాలని దేవుణ్ణి కోరుకున్నానని చెప్పండి. ఆ రెండోది మాత్రం ఎప్పటికీ తగ్గకూడదని కూడా చెప్పండి."