ఎనిమిది పంటలకు ఒకే లెక్క

ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన శివలీల ఇప్పుడు కర్నూలులో ఒక చిన్న వర్క్‌షాపులో ప్రోగ్రాములు రాస్తోంది. చేలో గుచ్చితే విత్తడానికి పదునుందో లేదో చెప్పే పెట్టెను అక్కడ తయారుచేస్తున్నారు. లెక్కంతా ఆమె రాసింది. దాన్ని పెట్టెలోని చవక చిప్పు కోసం సీ కోడుగా మార్చేది వేరే సాఫ్ట్‌వేరు.

మార్చింది. ఆ కోడు చిప్పులో పట్టలేదు.

పెద్ద చిప్పు వేస్తే పెట్టె ధర రైతుకు అందదు. యజమాని ఉమామహేశ్వర తేలిగ్గా తేల్చేశాడు: ఎనిమిది పంటల్లో పత్తీ వేరుశనగా ఉంచి తక్కినవి తీసేయడమే.

"కొర్ర ఏసేటోళ్లు ఇది యాడ కొంటారు లేమ్మా?"

చోటు చాలదంటే ముందు దిగిపోవాల్సింది పేదల పంటే. శివలీలకు ఒళ్లు మండింది. ఆ పెట్టెను తొలిసారి తన చేలో గుచ్చనిచ్చింది, ఆలూరు దగ్గర ఎకరన్నర కొర్ర వేసే జీవమ్మ. సోమవారం దాకా గడువడిగి శివలీల ఇంటికి బస్సెక్కింది.

ఇంట్లో సీ కోడు తెరిచి చూసి నవ్వేసింది. తప్పు తనదే. లెక్కను వాడిన ప్రతిచోటా పంట అంకెల్ని, అంటే ఏ పంటకు ఎంత తేమ కావాలో, నేరుగా రాసేసింది. అవి ఎప్పటికీ మారవనుకుని సాఫ్ట్‌వేరు ఒక్కో పంటకు ఒక్కో ఫంక్షను తయారుచేసింది. ఒకే లెక్క, ఎనిమిది నకళ్లు.

ఎందుకు నవ్వుతున్నావని మగ్గం మీది నుంచే అడిగింది తల్లి సుంకమ్మ. కూతురు చెప్పింది విని, చెయ్యి ఆపకుండానే అంది:

"రంగు మారితే నూలు కండె మారుస్తాం. ఇంకో మగ్గం పెడ్తామా? శానా సదివినావు పో."

పంట అంకెల్ని స్థిరమనుకోవద్దని శివలీల సాఫ్ట్‌వేరుకు ఆదేశమిచ్చింది. ఊపులో, పెట్టె గుచ్చిన ప్రతిసారీ తీసుకునే పది తేమ కొలతల సంఖ్యకూ అదే ఆదేశం తగిలించింది. ఎన్ని వస్తాయో తెలియక అది మళ్లీ బోలెడు చోటు అడిగింది. శివలీల మగ్గం మీది అచ్చు వైపు, పోగుల్ని లెక్కగా విడదీసి పట్టే ఆ దువ్వెన వైపు చూసింది. నేత నడుస్తుండగా అచ్చును ఎవరూ మార్చరు. పదిని స్థిరంగానే ఉంచింది. ఈసారి ఒకే ఫంక్షను, ఎనిమిది పంటలు. చిప్పులో ఇంకా చోటు మిగిలింది. సోమవారం ఉమామహేశ్వర ఎనిమిది పంటల పేర్లూ పెట్టె మీద రాయించాడు.

వాన పడిన మర్నాడు జీవమ్మ కొర్రచేలో పెట్టె పదునుందని పచ్చదీపం చూపింది. జీవమ్మ చెప్పులు విప్పి నాలుగడుగులు నడిచింది.

"నా కాలు పొద్దున్నే చెప్పిండాది పాపా. నీ పెట్టె నిదానమే గానీ అబద్ధమాడలా." పెట్టె మీది పంటల పేర్లు చదివించుకుని మొహం ముడిచింది. "సామలు యాడ?"

శివలీల అక్కడే గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఇప్పుడు తొమ్మిదో పంటంటే ఒక్క వరస అంకెలే.